నేను చేసిన చేపల వైద్యం

జువాలజీ చదువుతున్నామంటే మన ఇళ్ళల్లో వాళ్ళకి ఒక నమ్మకం. మైక్రోస్కోపులో కన్ను పెట్టినవాళ్ళకి ఏ జంతువు రోగమైనా ఇట్టే తెలిసిపోతుందని. మా వీధిలో ఆవు మేత మానేస్తే నన్ను పిలిచారు. పక్కింటి కోడి తూలి పడితే నన్ను పిలిచారు. "నాకు తెలియదండీ" అనడం నేర్చుకోవలసిన వయస్సులో "ఏదీ, చూద్దాం" అనడం నేర్చుకున్నాను. ఆ ఒక్క మాట వల్ల మా తమ్ముడి చేప ఒకటి చచ్చిపోయింది. చిన్న సంగతే. కాని రెండేళ్ళ ఎం.యస్సీ. చదువులో విన్న పాఠాలకన్నా ఆ చేప నేర్పిన పాఠమే నాకు ఎక్కువ గుర్తుండిపోయింది. అంచేత ఈ సంచికలో నాకిచ్చిన చోటులో ఆ కథే చెప్పుకుంటాను.

మాది విజయనగరం. తమ్ముడికి ఏడో తరగతిలో మంచి మార్కులొచ్చాయని నాన్నగారు ఒక గాజుతొట్టె కొనిపెట్టారు. 40 లీటర్లు పడుతుంది. అడుగున గులకరాళ్ళు, మూలగా స్పాంజి ఫిల్టరు, బుడగలు వదిలే చిన్న మోటారు, రెండు గోల్డ్‌ఫిష్‌లు. (రెండు గోల్డ్‌ఫిష్‌లకి ఆ తొట్టె ఇరుకే. ఆ మాట ఇప్పుడు చెబుతాను, అప్పుడు చెప్పలేదు.) వాటికి వాడు రాజు, రాణి అని పేర్లు పెట్టాడు. ఏది మగదో ఏది ఆడదో వాడికి తెలియదు గాని, పేర్లు మాత్రం అచ్చంగా సరిపోయాయి.

శివరాత్రికి ఇంటికి వెళ్ళాను. చెప్పులు విప్పకముందే వాడు చెయ్యి పట్టుకు లాక్కుపోయాడు.

"అక్కా, రాజు మొహం మీద తెల్లమచ్చలొచ్చాయి. రోజంతా రాణిని తరుముతున్నాడు. ఏమైందే?"

వంగి చూశాను. నిజమే. మొప్పల మూతల మీద తెల్లగా, గుండుసూది మొనంత చుక్కలు. ముందు రెక్కల అంచున కూడా వరసగా ఉన్నాయి. నాకు చదువు పొంగుకొచ్చింది. "ఇది తెల్లమచ్చల వ్యాధి. ఇక్తియోఫ్తిరియస్ అనే ఏకకణ జీవి వల్ల వస్తుంది" అన్నాను. ఆ పేరు విని అమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది. నాన్నగారు పేపరు దించారు. అంతకన్నా ఏం కావాలి?

సాయంత్రం బజారుకు వెళ్ళి మిథిలీన్ బ్లూ సీసా తెచ్చాం. అది సామాన్యమైన మందేమీ కాదు. 1891లో పాల్ ఎర్లిక్, గుట్‌మన్ అనే వైద్యులు మలేరియా రోగులకి ఇచ్చి చూసిన రంగు అది. ఆ చరిత్ర కూడా తమ్ముడికి చెప్పాను. చుక్కలు వేస్తుంటే నీళ్ళు నీలంగా మారిపోయాయి. వాడు నోరు తెరుచుకు చూశాడు. రోగం ఉన్నచోట శుభ్రత ముఖ్యమని ఫిల్టరు స్పాంజిని, గులకరాళ్ళని కుళాయి కింద పెట్టి తెల్లగా వచ్చేదాకా తోమేశాను కూడా.

రెండో రోజు మచ్చలు అలాగే ఉన్నాయి. మోతాదు చాలలేదనుకుని ఇంకా పోశాను. మూడో రోజు రెండు చేపలూ మేత ముట్టలేదు. నాలుగో రోజు పొద్దున్న రెండూ నీటి పైకి వచ్చి నోళ్ళు తెరిచి గుటకలు వేస్తున్నాయి. రోగం ముదిరిందన్నాను. ఆ మధ్యాహ్నం రాణి పక్కకి ఒరిగిపోయింది.

అప్పుడు అమ్మ వచ్చి, "మందు సంగతి నాకు తెలీదు గాని, ఆ నీళ్ళు బాగాలేవే. రెండోదాన్నైనా నూతినీళ్ళలో వెయ్యండి" అంది. బకెట్టు నిండా తోడిపెట్టిన నీళ్ళున్నాయి. రాజుని అందులో వేశాం. తెల్లారేసరికి రాజు బతికి ఉన్నాడు. మచ్చలు మాత్రం అలాగే ఉన్నాయి!

రాణిని జామచెట్టు కింద పాతిపెట్టాం. తమ్ముడు ఏడవలేదు. మట్టి కప్పి, చేతులు దులుపుకుంటూ ఒక్క మాట అడిగాడు.

"రాణికి అసలు మచ్చలే లేవు కదక్కా?"

నా దగ్గర జవాబు లేదు.

యూనివర్సిటీకి తిరిగొచ్చాక మా డిపార్టుమెంటులో ఒక మేడమ్‌గారికి జరిగింది చెప్పాను. ఆవిడ రోగం పేరు అడగలేదు. మూడు ప్రశ్నలు అడిగారు. "మచ్చలు ఎక్కడెక్కడ ఉన్నాయి? నువ్వు మందు వెయ్యకముందు చేప మేత తింటోందా? నీళ్ళు పరీక్ష చేశావా?" మచ్చలు మొప్పల మూతల మీద, ముందు రెక్కల మీద తప్ప ఇంకెక్కడా లేవన్నాను. శుభ్రంగా తినేదన్నాను. మూడోదానికి తల వంచుకున్నాను.

ఆవిడ నవ్వి, "అవి మొటిమలమ్మా" అన్నారు.

మిత్రులారా, నవ్వకండి. మగ గోల్డ్‌ఫిష్‌కి జత కట్టే కాలంలో సరిగ్గా ఆ రెండు చోట్లే తెల్లని బొడిపెలు లేస్తాయి. చలి తగ్గి నీరు వెచ్చబడే రోజుల్లో ఆడచేపను తరమడం కూడా అందులో భాగమే. రాజుకి వచ్చింది రోగం కాదు, యౌవనం. దానికి నేను మందు పోశాను!

మరి రాణి ఎందుకు చచ్చిపోయినట్టు? చేప తన ఒంట్లోని అమ్మోనియాని ఎక్కువగా మొప్పల ద్వారా నీటిలోకి వదులుతుంది. ఫిల్టరు స్పాంజిలో, గులకరాళ్ళ మీద కంటికి కనపడని బాక్టీరియా కాపురముండి ఆ అమ్మోనియాని నైట్రైటుగాను, దాన్ని నైట్రేటుగాను మారుస్తాయి. మొదటి రెండూ చేపకి విషాలు. మూడోది చాలావరకు ప్రమాదం లేనిది. కొత్త తొట్టెలో ఆ బాక్టీరియా కుదురుకోవడానికే 4 నుంచి 6 వారాలు పడుతుంది. నేను క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్ళతో తోమి వాటిలో సగాన్ని చంపాను. మిగతా సగం పని మిథిలీన్ బ్లూ చూసింది. నీటిలో అమ్మోనియా పేరుకుపోయి మొప్పలు కాలిపోయాయి. ఊపిరాడక చేపలు పైకొస్తే, నేను రోగం ముదిరిందనుకున్నాను. ముదిరింది నా వైద్యం. మా అమ్మ ఏ పుస్తకమూ చదవకుండానే నీళ్ళకేసి చూసింది. నేను చేపకేసి కూడా సరిగ్గా చూడలేదు, నాకు తెలిసిన పేరుకేసి చూశాను.

ఆ ఏడు కార్తీకమాసంలో తమ్ముడు ఫోన్ చేశాడు. బజారునుంచి రెండు చిన్న గోల్డ్‌ఫిష్‌లు తెచ్చి, విడిగా ఉంచకుండా తిన్నగా తొట్టెలో వదిలాడట. వారం తిరక్కుండా మచ్చలు.

నేను "చూద్దాం" అనలేదు. ఎక్కడెక్కడ అని అడిగాను. ఒళ్ళంతా, తోక మీద కూడా, ఉప్పు చల్లినట్టు అన్నాడు. తింటున్నాయా? లేదు. ఇంకేం చేస్తున్నాయి? రెక్కలు ముడుచుకుని, రాళ్ళకి ఒళ్ళు రాసుకుంటున్నాయి. నీళ్ళు? ఈసారి వాడే పరీక్ష చుక్కలు వేసి చూశాడు, అమ్మోనియా లేదు. అప్పుడు గాని ఇది నిజం రోగమని ఒప్పుకోలేదు నేను.

ఈ జీవికి 1876లో ఫూకే పెట్టిన పేరుకి అర్థం 'బహుసంతానం గల చేపపేను' అని. ఆ పేరులోనే వైద్య రహస్యం ఉంది. మచ్చగా కనపడేటప్పుడు అది చేప చర్మం కింద ఉంటుంది, ఏ మందూ దాన్ని అంత తేలిగ్గా తాకదు. బాగా మేసి, రాలి, అడుగుకి చేరి, గూడు కట్టుకుని వందల పిల్లలుగా విడిపోతుంది. ఆ పిల్లలు ఈదుతూ రెండు రోజుల్లోగా చేపను పట్టుకోకపోతే చచ్చిపోతాయి. మందు పనిచేసేది ఆ ఈదే పిల్లల మీదే.

అంచేత తమ్ముడికి ఇలా చెప్పాను. మూడోవంతు నీళ్ళు తీసి, రాత్రంతా నిలవబెట్టిన నీళ్ళు పొయ్యి. అడుగు మురికిని గొట్టంతో లాగు. స్పాంజి కుళాయి కింద కడగకు. లీటరుకి 2 గ్రాముల చొప్పున 80 గ్రాముల కల్లుప్పు, ఒక్కసారి కాదు, రెండు రోజుల్లో నాలుగు విడతలుగా కరిగించి పొయ్యి. తీసిన నీళ్ళ మేరకే మళ్ళీ ఉప్పు కలుపు. హీటరుతో మెల్లమెల్లగా 28 డిగ్రీలకి తీసుకురా, వేడికి ఆ జీవి చక్రం తొందరగా తిరుగుతుంది. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువ గనక బుడగల మోటారు ఆపకు.

ఐదో రోజు ఫోన్. "అక్కా, మచ్చలు పోయాయి! ఉప్పు మానెయ్యమంటోంది అమ్మ."

"మచ్చలు పోలేదురా, కిందికి దిగాయి. ఇప్పుడే అసలు పని. రెండు వారాలు నిండేదాకా ఆపకు" అన్నాను. ఆపలేదు. కొత్తవాటిలో ఒకటి అప్పటికే చచ్చిపోయింది. ఒకటి మిగిలింది. రాజు గట్టెక్కాడు.

ఇంత చెప్పాను గనక నన్నిప్పుడు చేపల డాక్టరనుకోకండి. ఇప్పటికీ మా వీధివాళ్ళు పిలుస్తారు, వెళ్తాను కూడా. మూడు ప్రశ్నలు అడుగుతాను, తెలియకపోతే తెలియదంటాను. కొందరికి నా మీద గురి తగ్గింది. తగ్గనీ.

మొన్న శివరాత్రికి మళ్ళీ ఇంటికెళ్ళాను. తమ్ముడు తొట్టె దగ్గర నిలబడి నవ్వుతూ, "అక్కా, రాజుకి మొటిమలొచ్చాయి" అన్నాడు. ఇద్దరం వంగి చూశాం. మొప్పల మూతల మీద, ముందు రెక్కల మీద, అవే చుక్కలు. మందు సీసా మాట ఎవరమూ ఎత్తలేదు. కొత్త చేప ఇంకా పసిది. తరమడానికి ఎవరూ లేక రాజు ఒక్కడే తొట్టె చుట్టూ తిరుగుతున్నాడు.