పెళ్ళి గుర్రం మీద ఇరవై రెండు కిలోమీటర్లు

మా కావలిలో గుర్రమంటే పెళ్ళి గుర్రమే. జట్కాలు పోయి చాలా ఏళ్ళయింది. అలాంటి ఊళ్ళో బి.యస్సీ. చదివే రైతుబిడ్డ ఒకడు "గుర్రం మీద దూరాలు పోవడం నేర్చుకుంటున్నా" అంటే స్నేహితులు ఏమంటారో పాఠకులే ఊహించుకోవచ్చు. "ముహూర్తం ఎప్పుడ్రా?" అన్నారు.

ఈ పిచ్చి నాకు పేపరు చదివి పట్టుకుంది. 2023లో కేరళకు చెందిన నిదా అంజుమ్ అనే ఇరవై ఒక్క ఏళ్ళ అమ్మాయి, ఫ్రాన్సులో జరిగిన యువ రౌతుల ప్రపంచ పోటీలో, ఒకే గుర్రం మీద 120 కిలోమీటర్లు ఏడున్నర గంటల లోపల పూర్తి చేసింది. మరుసటి ఏడు పెద్దల పోటీలో 160 కిలోమీటర్లు. ఎండ్యూరెన్స్ రైడింగ్ అంటారట. నాకంటే ఒక్క ఏడే పెద్ద! ఆమె గల్ఫులో పెరిగి అక్కడే స్వారీ మరిగిందన్న సంగతి మాత్రం అప్పుడు నా కంట పడలేదు.

తిరుపతిలో అయితే ఎన్.సి.సి. వాళ్ళకు గుర్రాల రెజిమెంటే ఉంది. మనకు లేదు. మనకున్నది మా నాన్నకు తెలిసిన సాయిబు మామ, ఆయన తెల్ల గుర్రం రాణి. పద్నాలుగేళ్ళ ఆడగుర్రం. మామ ఇల్లు గడిచేది దాని మీదే.

మొదటి నెల మామ నన్ను ఎక్కనియ్యలేదు. లద్దె ఎత్తడం, ఒళ్ళు తోమడం, గిట్టల్లో ఇరుక్కున్న రాళ్ళు తీయడం, ఉలవ గుగ్గిళ్ళు ఉడకబెట్టడం. "కింద నుంచి నేర్చుకోవాల అబ్బయా, పైనుంచి కాదు" అనేవాడు. రెండో నెల ఎక్కాను. నడక సుఖమే. ట్రాట్ అని ఉంది చూశారూ, నడకా కాని పరుగూ కాని అడుగు, అదే ప్రాణం తీస్తుంది. గుర్రం ముందుకాలూ ఎదురుపక్క వెనుకకాలూ కలిపి వేస్తుంది. ఆ తాళానికి రికాబుల మీద లేచి, మళ్ళీ జీను మీద మెల్లిగా కూర్చోవాలి. తాళం తప్పితే దాని వీపుకూ దెబ్బే, మన వెన్నుకూ దెబ్బే. తొడల చర్మం లేచిపోయి మూడు రోజులు క్లాసులో ఒక పక్కకి ఒరిగి కూర్చున్నాను. బెంచీ బాగాలేదేమోనని లెక్చరరు గారు చోటు మార్చారు.

మూడో నెలకు నాకు గర్వం వచ్చింది. మార్చి నెల, ఆదివారం. మామ పక్క ఊరికి పోతూ, "చెరువు కట్ట దాకా నడిపించుకోనిరా, పరిగెత్తించమాక" అన్నాడు. నేను కట్ట దగ్గర ఆగలేదు. తుమ్మలపెంట రోడ్డు పట్టాను. బకింగ్‌హాం కాలువ దాటి సముద్రం ఒడ్డుకు పోయి, గిట్ట దిగబడే పొడి ఇసకలో రాణిని ఉరికించాను. ఎదురైన కుర్రాళ్ళు ఫోటోలు తీశారు. అబద్ధమెందుకు, ఇంకో రెండుసార్లు తీయించుకున్నాను.

తిరుగు దారిలో నడి ఎండ. ఒక తాటిచెట్టు కింద రాణి ఆగిపోయింది. డొక్కలు కొట్టుకుంటున్నాయి. మెడ మీద చెమట ఎండి తెల్లగా ఉప్పు కట్టింది. పక్క చేను బోరు దగ్గర బకెట్టుతో నీళ్ళు తెచ్చి పెడితే, వాసన చూసి మొహం తిప్పుకుంది. దిగి కళ్ళెం పట్టుకుని మా ఇంటి దాకా నడిచాను. ఫోను 22 కిలోమీటర్లని చూపించింది.

మా తాత మెడ దగ్గర చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలాడు. టక్కున సర్దుకోవాల్సింది, మడత అట్లాగే నిలబడింది. "బాడుగెద్దును తోలినట్టు తోలినావు గదరా!" అన్నాడు. నీడన కట్టి ఒళ్ళంతా నీళ్ళు పోశాం. నేను దాని దవడ కింద నాడి పట్టి చూశాను. దిగి గంట దాటినా నిమిషానికి 72. ఊరికే నిలబడ్డ గుర్రానికి 28 నుంచి 44 ఉండాలి. పశువుల డాక్టరు వచ్చి సెలైన్ ఎక్కించారు. నీళ్ళెందుకు తాగలేదో ఆయనే చెప్పారు. మన చెమట కంటే గుర్రం చెమటలో ఉప్పు బాగా ఎక్కువ. నీళ్ళతో పాటు ఉప్పూ పోవడంతో రక్తం చిక్కబడ్డట్టు మెదడుకు తెలియదు, దాహమూ వెయ్యదు. ఫిజియాలజీలో ఆస్మాసిస్‌కు నాకు మంచి మార్కులే వచ్చాయి. ఏం లాభం?

మామ చీకటి పడ్డాక వచ్చాడు. తిడతాడనుకున్నాను. నన్నసలు చూడలేదు. రాణి నుదురు నిమురుతూ చాలాసేపు నిలబడ్డాడు. మరునాడు సాయంత్రం పెళ్ళి ఒప్పుకుని ఉన్నాడట. ఆ అడ్వాన్సు తిరిగిచ్చేశాడు. అది నాకు ఆయన చెప్పలేదు, మా నాన్న చెప్పాడు.

ఆ తర్వాత, ముందే చదవాల్సినవి చదివాను. అమెరికాలో 1955లో కొందరు ఒక్క రోజులో 100 మైళ్ళు పోయి చూపించారు. ఆ టెవిస్ కప్పు పందెంతోనే ఈ ఆట ఇప్పటి రూపానికొచ్చింది. దారిలో మజిలీ మజిలీకీ పశువైద్యులుంటారు. అంతర్జాతీయ పోటీల్లో అయితే, ఇచ్చిన కొద్ది నిమిషాల్లో గుండె 64కు దిగకపోతే, కుంటినట్టు కనిపిస్తే, ముందున్నవాడైనా సరే ఇంటికి పోవాల్సిందే. టెవిస్‌లో మొదటి పదిమందిలో ఎవరి గుర్రం ఆరోగ్యంగా మిగిలిందో దానికి 1964 నుంచి వేరే కప్పు కూడా ఇస్తున్నారు. నన్నడిగితే అదే పెద్ద కప్పు. ఆ లెక్కన తాటిచెట్టు కిందే నా పేరు కొట్టేసేవాళ్ళు.

డబ్బు ఇవ్వబోతే మామ తీసుకోలేదు. మా చేలోంచి రోజూ ఒక మోపు పచ్చిమేత కోసి సైకిలు మీద తెచ్చి వేస్తే మాత్రం వద్దనలేదు. మాటా ఆడలేదు. నెల దాటాక ఒక పొద్దున కళ్ళెం తెచ్చి నా చేతిలో పెట్టాడు. "కట్ట దాకా."

ఇప్పుడు వారానికి రెండుసార్లు, తెల్లవారుజామున, ఆరు కిలోమీటర్లు. సగం నడక, పావు ట్రాట్, మిగతా పావు నేను కిందికి దిగి పక్కన నడుస్తాను. రాగానే నాడి చూసి పాత కెమిస్ట్రీ రికార్డు వెనుక పేజీల్లో రాసుకుంటాను. పోయిన ఆదివారం పది నిమిషాలకు 48కి దిగింది. మామకు చదువు రాదు. ఆ పుస్తకం తిరగేసి, "ఏంది అబ్బయా ఈ అంకెలు?" అన్నాడు.

"రాణి గుండె, మామా."

కాసేపు పుస్తకం వంకే చూశాడు. తర్వాత దాన్ని పక్కన పెట్టి, రాణి దవడ కింద వేలు ఆనించి, "యాడ కొట్టుకుంటాదో చూపించు" అన్నాడు.