పాదం కొలత

చైత్రం వచ్చిందంటే మా పాడేరు వైపు ఊళ్లలో ఇటుకల పండుగ. మగవాళ్లు విల్లంబులు పట్టుకుని అడవికి వెళ్తారు. ఆడవాళ్లం దారికి అడ్డంగా కర్రో తాడో కట్టి, వచ్చే పోయే బండ్లను ఆపి డబ్బులు వసూలు చేస్తాం. రాత్రయితే థింసా. వేటకు వెళ్లినవాళ్లు ఉత్త చేతులతో తిరిగొస్తే పేడనీళ్లు చల్లి ఆటపట్టించడం మా ఆడవాళ్ల హక్కు. చిన్నప్పుడు నేనూ పేడనీళ్ల చెంబు పట్టుకుని ఊరి చివర నిలబడినదాన్నే. నా ఎత్తుకి ముందు కనిపించేవి వేటగాళ్ల పాదాలు. దుమ్ము పట్టి, గీసుకుపోయి, మడమల దగ్గర బీటలు వారి ఉండేవి. ముఖాలు చూడకుండా పాదాలను బట్టే ఎవరు ఎవరో చెప్పేదాన్ని.

అన్నిటికన్నా బాగా గుర్తుపట్టేది మా నాన్న పాదాలను. వేట నుంచి వచ్చాక ఆయన అరుగు మీద కాళ్లు చాపి కూర్చునేవాడు. పిన్నీసు కొనను దీపం మీద కాల్చి ముళ్లు తీయడం నా పని. పరికి ముల్లు కొక్కెంలా వంగి ఉంటుంది, తిన్నగా లాగితే రాదు. రేగు ముల్లు లోపల విరిగిపోతుంది. ముళ్లు తీశాక అమ్మ ఇప్పనూనె వెచ్చచేసి బీటల్లో రాసేది. నాన్నకు సంతలో కొన్న టైరు చెప్పులు ఉండేవి. కానీ వేటలో జంతువు దగ్గరపడితే వాటిని విప్పి నడుముకు కట్టుకునేవాడు. చెప్పు మడమకు తగిలి టపటపమంటుందని, ఎండుటాకు విరగబోయే ముందే తెలియాలంటే ఉత్త పాదమే ఉండాలని చెప్పేవాడు. ఆ మాట నిజమే. దాని ఖరీదు కూడా మా ఇంట్లో కట్టాం.

నేను టీచర్ ట్రైనింగ్ రెండో ఏడాదిలో ఉండగా, పండుగ మూడో రోజున, ఎండుటాకులు నిండిన వాగులో నాన్నను రక్తపింజరి కరిచింది. ఎడమ చీలమండ కింద. చెప్పులు నడుముకే ఉన్నాయి. తోటివాళ్లు తలపాగా చింపి కాలికి బిగించి కట్టారు. ముందు మంత్రం వేయించారు. తర్వాత డోలీ కట్టి రోడ్డు దాకా మోసి, జీపు దొరికాక ఆసుపత్రికి చేర్చేసరికి తెల్లారింది. నాన్న బతికాడు. కానీ కాటు చుట్టూ కండ కుళ్లిపోయింది. ఎడమ పాదంలో చివరి రెండు వేళ్లు తీసేశారు. ఆ తర్వాత ఆయన వేటకు వెళ్లలేదు. చేతికర్రతో పొలం గట్టు దాకా వెళ్లి వస్తాడు, అంతే. చెప్పులు కూడా మానేశాడు. వేళ్లు లేని వైపు పట్టీ నిలవదు.

ఈ కథ మా మేనల్లుడికి తెలుసు. పాడేరులో డిగ్రీ చదువుతున్నాడు. మొన్న పండుగకు నెల ముందు బడి వదిలే వేళకు వచ్చి ఫోను చూపించాడు.

"అత్తా, ఈ బూట్లు చూడు. కాఫీ పళ్లు కోసిన డబ్బులున్నాయి. వేటకు ఇవి వేసుకుని వెళ్తా."

చూశాను. తెల్లటి అడుగు, జల్లెడలాంటి పలచటి గుడ్డ. పరుగు పందేలకు చేసినవి.

"ఒరే, ఇవి వేసుకుంటే గడ్డిగింజలన్నీ నీ కాళ్లలోనే మొలుస్తాయి" అన్నాను.

వాడు నవ్వాడు. "మరి ఏవి కొనాలో నువ్వే చెప్పు. రోజూ పిల్లల కాళ్లు కొలుస్తావు కదా."

వెటకారానికి అన్నాడు గానీ, నిజంగానే పాదాల గురించి నాకు కొంత నేర్పింది బడి. కొన్నేళ్లుగా బడి పిల్లలకు కిట్లలో బూట్లు, సాక్సులు వస్తున్నాయి. పాదాల కొలతలు తీసి పంపే పని టీచర్లది. మొదటి ఏడాది నేను స్కేలు పెట్టి పొడవు మాత్రమే కొలిచాను. బూట్లు వచ్చాక మూడో తరగతి పిల్ల ఒకతె రోజూ వాటిని చేతిలో పట్టుకుని గెడ్డ దాటి వచ్చి, గేటు దగ్గర వేసుకునేది. కొత్త బూట్లు మాసిపోతాయని దాచుకుంటోందనుకుని అందరి ముందూ తిట్టాను. ఆ పిల్ల ఏమీ అనలేదు. మధ్యాహ్నం అన్నం దగ్గర చూశాను, చిటికెన వేళ్ల పక్కన రెండు వైపులా బొబ్బలు చితికి ఉన్నాయి. పొడవు సరిపోయింది, వెడల్పు సరిపోలేదు.

చిన్నప్పటి నుంచి ఉత్త కాళ్లతో కొండలెక్కిన పాదం ముందు వైపు వెడల్పుగా, వేళ్లు విడివిడిగా పెరుగుతుంది. ఏటవాలు నేలను పట్టుకునేది ఆ వేళ్లే. అది లోపం కాదు. మన పిల్లలు బూట్లు వేసుకోవడం ఇష్టంలేక వదిలేస్తున్నారని అనుకునే ముందు తోటి టీచర్లు ఒకసారి వాళ్ల సాక్సులు విప్పి చూడాలని కోరుతున్నాను. నేను ఆ పని ఆలస్యంగా చేశాను.

అప్పటి నుంచి స్కేలు పక్కన పెట్టాను. తెల్ల కాగితం మీద పిల్లను నిలబెట్టి, పెన్సిల్‌ను నిలువుగా పట్టుకుని పాదం చుట్టూ గీస్తాను. కూర్చోబెట్టి గీయకూడదు. బరువు పడితేనే పాదం పూర్తిగా పరుచుకుంటుంది. రెండు పాదాలూ గీయాలి, చాలామందికి ఒకటి కాస్త పెద్దది. ఆ గీత వెంట కత్తిరించి కాగితాన్ని బూటులోకి దూర్చాలి. అంచులు మడతపడితే ఆ బూటు ఆ కాలిది కాదు.

మేనల్లుడికీ అలాగే గీశాను. సాయంత్రం దాకా ఆపి మరీ గీశాను, ఎందుకంటే రోజంతా నడిచాక పాదం కొంచెం ఉబ్బుతుంది. పొద్దున సరిపోయిన బూటు సాయంత్రానికి బిగుస్తుంది. ఆ కాగితాలు తీసుకుని ఇద్దరం సంతకు వెళ్లాం.

సంతలో ఒక్కో రకాన్ని చేత్తో పట్టుకుని చూశాం. హవాయి చెప్పుల సంగతి చెప్పక్కర్లేదు, ముల్లు అడుగు నుంచి పాదంలోకే వస్తుంది. టైరు చెప్పుకి అడుగున ముల్లు దిగదు గానీ పక్కలూ పైనా ఖాళీ. పైగా తడి బండ మీద జారుతుంది. మోకాలి దాకా వచ్చే రబ్బరు బూటు వానాకాలం పొలానికి బాగుంటుంది, పాము నుంచి కూడా కాపుదల. కానీ చైత్రం ఎండలో గాలి ఆడక లోపల కాలు ఉడికిపోతుంది, కొండ ఎక్కేటప్పుడు మడమ లోపల లేచి పడుతూ ఒరుసుకుంటుంది. గుడ్డ బూటు తేలిక, చవక, తడిసినా త్వరగా ఆరుతుంది, చప్పుడు తక్కువ. దాని గుడ్డ మాత్రం ముల్లును ఆపదు. చీలమండ పైదాకా వచ్చే తోలు బూటు బరువు, ఖరీదు. కానీ పోడులో నరికిన మోడులకూ, ముళ్లకూ, రాళ్ల మధ్య కాలు మడతపడటానికీ అదే నమ్మకం.

మేనల్లుడి చేతిలో ఉన్న డబ్బుకు ఒక తోలు జత దొరికింది. కాగితం మడతపడకుండా పట్టింది. కొట్టువాడు "తోలే కదా, వేసుకుంటే సాగుతుంది" అంటూ ఇంకో చవక జత కూడా ఇవ్వబోయాడు. తోలు కొంచెం సాగుతుంది, నిజమే. కానీ పొట్టిది పొడుగవదు. పొడుగాటి వేలి ముందు బొటనవేలి మందమంత ఖాళీ ఉండాలి. లేస్ బిగించి, సంత పక్కనున్న దిబ్బ ఎక్కి దిగమన్నాను. దిగేటప్పుడు వేళ్లు ముందుకు తగిలితే, ఒక్క రోజు వేటకే గోళ్లు నల్లబడతాయి. ఎక్కేటప్పుడు మడమ లేస్తే బొబ్బ ఖాయం. వాడు నాలుగుసార్లు ఎక్కి దిగాడు. సంతలో జనం నవ్వారు. నవ్వనీ.

తర్వాత సాక్సులు. మేనల్లుడికి వీటి మీద లక్ష్యం లేదు. "పాత స్కూలు సాక్సులున్నాయి కదత్తా" అన్నాడు. బొబ్బలు లేపేది చాలాసార్లు బూటు కాదు, లోపలి తడి. నూలు సాక్సు చెమట పీల్చుకుంటుంది, కానీ త్వరగా ఆరదు. తడి చర్మం మెత్తబడి, గుడ్డ రాపిడికి లేచిపోతుంది. పలచటి నైలాన్ సాక్సు బూటులో జారి వేళ్ల దగ్గర ముద్దగా చేరుతుంది. ఉన్ని కలిసిన సాక్సు కొంచెం మందంగా ఉన్నా, తడిసినప్పుడు కాలికి అంత చెడ్డగా అంటుకోదు. మన సంతల్లో చలికాలంలో ఉన్ని బట్టలు అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతాయి, అప్పుడే కొని పెట్టుకోవాలి. అది దొరక్కపోతే లోపల ఒక పలచటి జత, పైన ఒక మందం జత వేసుకున్నా రాపిడి రెండు గుడ్డల మధ్య జరుగుతుంది, చర్మం మీద కాదు. అయితే బూటును ఆ సాక్సులతోనే వేసుకుని చూసి కొనాలి. లేకపోతే బిగుతైపోతుంది.

సాక్సు బూటు అంచుకన్నా పైకి ఉండాలి. ప్యాంటు అంచును అందులోకి దోపుకోవాలి. గడ్డిగింజలు, చీమలే కాదు, పొదల్లో ఉండే కంటికి ఆనని పురుగు కుడితే స్క్రబ్ టైఫస్ జ్వరం వస్తుంది. ఇంకో పొడి జత సంచిలో ఉండాలి. మధ్యాహ్నం గెడ్డ దగ్గర కూర్చున్నప్పుడు బూట్లు విప్పి, పాదాలు తుడిచి ఆరనిచ్చి, సాక్సులు మార్చుకోవాలి. రాత్రి బూట్లను పొయ్యి దగ్గర ఆరబెట్టకూడదు. తోలు బిరుసెక్కి పగులుతుంది, అడుగు ఊడుతుంది. లోపల పాత కాగితాలు కుక్కి నీడలో పెట్టాలి. పొద్దున తలకిందులుగా దులిపే వేసుకోవాలి. తేలుకు బూటు మంచి ఇల్లు.

కొత్త బూట్లతో తిన్నగా వేటకు వెళ్లొద్దని గట్టిగా చెప్పాను. నెల రోజులు పశువుల వెంట, కాఫీ తోటకు, గెడ్డకు వాటితోనే నడిచాడు. మూడో రోజు మడమ ఎర్రబడితే అక్కడ గుడ్డ పట్టీ అంటించి నడిచాడు. పండుగ నాటికి బూటు పాదం మాట వినడం మొదలుపెట్టింది.

రెండు సంగతులు కూడా చెప్పాలి. ఒకటి, ఆ రోజు బూట్లుంటే నాన్న వేళ్లు మిగిలేవని నేను ప్రమాణం చేయలేను. రక్తపింజరి కోరలు పొడవు, పలచటి గుడ్డను దాటేస్తాయి. మందమైన తోలు కొంత అడ్డం, అంతే. కాటు పడితే బిగించి కట్టొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు. కాలు కదపకుండా మోసుకుని ఆసుపత్రికి చేర్చాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటి విషానికీ ఒకటే మందు, అది సర్కారు ఆసుపత్రిలో ఉచితం. మంత్రం వేయించడానికి పోయిన ఆ కొన్ని గంటలు మా నాన్నవి.

రెండోది, చట్టం. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అడవి జంతువును వేటాడటం నేరం. 2006 అటవీ హక్కుల చట్టం మన భూములకూ, అటవీ ఫలసాయానికీ హక్కులిచ్చింది గానీ, వేటను మాత్రం స్పష్టంగా మినహాయించింది. పండుగ పేరు చెబితే కేసు ఆగదు, చదువుకునే పిల్లలకు అది జీవితాంతం వెంటాడుతుంది. మా ఊళ్లో పెద్దలు కూర్చుని ఒక మాట అనుకున్నారు. విల్లంబులు పడతారు, పాత వేట దారులన్నీ నడుస్తారు, బాణం వదలరు. ఏ ఊట ఎండింది, ఏ చెట్టు ఏ నెలలో కాస్తుంది, హద్దు రాయి ఎక్కడుంది, ఇవన్నీ మన వాళ్లు వేటలోనే కుర్రాళ్లకు నేర్పారు. ఆ నడక ఆగిపోతే అడవి మనకు ఫోనులో బొమ్మ అవుతుంది. అందుకే నాకు ఈ బూట్ల గోల.

పండుగకు ముందు రోజు మేనల్లుడు బూట్లు తెచ్చి నాన్న ముందు పెట్టాడు. నాన్న ఒకటి తీసుకుని అడుగును బొటనవేలితో నొక్కి చూశాడు.

"మందం. దీనికి నేల వినబడదురా" అన్నాడు.

"వినబడకపోతే కళ్లతో చూసుకుంటాను తాతా."

"చూసుకో మరి. ఆకుల్లో కాలు పెట్టే ముందు కర్రతో కదుపు. పాములకు చప్పుడే మంచిది."

జంతువు కోసం చప్పుడు వద్దన్న మనిషే ఆ మాట అన్నాడు.

మూడు రోజులకు కుర్రాళ్లు తిరిగొచ్చారు. అందరివీ ఉత్త చేతులే కాబట్టి అందరికీ పేడనీళ్లే. నేను కూడా ఒక చెంబు మేనల్లుడి మీద గుమ్మరించాను, టీచరమ్మనని చూడకుండా. తర్వాత వాడు అరుగు మీద కూర్చుని బూట్లు విప్పాడు. పాదాలు నానిపోలేదు, బొబ్బ లేదు, ఒక్క ముల్లు లేదు. నా పిన్నీసుకు పనే లేకపోయింది.

నాన్న ఆ పాదాలను చాలాసేపు చూశాడు. తర్వాత కర్ర పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"అమ్మా, నీ కాగితం ఉందా? నాది కూడా గియ్యి" అన్నాడు.

కాగితం పరిచాను. డెబ్భై దాటిన మనిషి, ఇంతవరకూ ఎవరూ ఆయన పాదం కొలవలేదు. కుడి పాదం గీత పెద్ద తమలపాకులా వచ్చింది. ఎడమ పాదం చుట్టూ పెన్సిల్ తిప్పుతుంటే, మూడో వేలు దాటాక గీత లోపలికి వంగింది. ఆ ఖాళీలో దూది కుట్టించాలి, పట్టీ మడమ వెనక రావాలి, సంతలో చెప్పులు కుట్టే ముసలాయనకు చెబితే చేస్తాడు. రెండు కాగితాలూ మడిచి హాజరు పట్టీలో పెట్టుకున్నాను. వచ్చే సంత దాకా అక్కడే ఉంటాయి.