ఊరు ఖాళీగా ఉన్నప్పుడే తలకాయల లెక్క

పోస్టు కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి. జనాభా లెక్కలు మళ్లీ వస్తాండాయి. ఆ సందర్భంగా మన నంబులపూలకుంట మండలం గురించి నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

బయటోళ్లకు మన మండలం రెండిటితో తెలుసు. ఒకటి గూటిబైలు తిమ్మమ్మ మర్రిమాను. నాలుగెకరాలు దాటి పరుచుకున్న చెట్టు, 1989లో గిన్నిస్ బుక్కుకు ఎక్కింది. రెండోది సోలార్ పార్కు. 2016లో కరెంటు తీసేది మొదలైంది. గొర్రెలు మేపిన మెట్టలు కంచె లోపలికి పోయినాయి. ప్యానెళ్లు కడిగేదానికి, కాపలాకు కొందరికి పని దొరికింది. ఈ రెండూ చూసి పోయేటోళ్లకు మధ్యలో బతికే మనం కనపడం.

మనది పాత కదిరి తాలూకా. 1985లో మండలాలు పెట్టినాక మండలాఫీసు దగ్గరికొచ్చింది. అటు గాలివీడు వైపు పోతే పాత కడప జిల్లా. చుట్టూ గుట్టలు, మధ్యలో ఎర్రమట్టి చేన్లు. మూరెడు తవ్వితే గరుసు, దాని కింద బండ. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటుఇటు. ఆ వానకు శెనిక్కాయ ఒక్క పంట. బోరు పారినోళ్లకు టమాటానో మల్బరీనో.

2011 లెక్కల్లో ఉమ్మడి జిల్లాలో చదరపు కిలోమీటరుకు 213 మంది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో 308. మన నేల అంతమందినే మోస్తాది.

ఇప్పుడు అసలు సంగతి. చెట్టు పెరికి, కాయ కొట్టి, కట్టె వామి వేసినంక చేన్లో పనుండదు. ఇంట్లో ముసలోళ్లను, పిల్లల్ను పెట్టి బెంగుళూరుకో కేరళకో పోతారు. కొందరు ఫాల్గుణంలో కదిరి తేరుకు వచ్చి పోతారు, ఎక్కువమంది తొలకరికే వస్తారు. 2011లో తలకాయలు లెక్క పెట్టింది ఎప్పుడో గుర్తుందా? ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా. ఈసారి కూడా 2027 మార్చి 1 నాటి లెక్కే. అంటే సరిగ్గా మన ఇండ్లకు తాళాలు పడి ఉండే కాలం! ఆ దినాలన్నీ ఊర్లో లేనోళ్లను ఏడ ఉంటే ఆడ రాసుకోవాల. బిల్డింగు కాడ వేసిన రేకుల షెడ్డు దగ్గరికి ఎవరు పోతారు, ఎవరు రాస్తారు?

తక్కువ రాస్తే ఏం నష్టమంటారా? 2013 ఆహార భద్రత చట్టం కింద ఎంతమందికి బియ్యమనేది 2011 లెక్క మీదనే కట్టినారు. ఆర్థిక సంఘం డబ్బు పంచేదానికీ జనాభానే పెద్ద కొలత. ఒకసారి తప్పు పడితే మళ్లీ లెక్క వచ్చేదాకా దాంతోనే బతకాల. 2011 తర్వాత ఎన్నేండ్లు పట్టిందో చూస్తానే ఉన్నాం.

అందుకని మూడు మాటలు.

ఒకటి, ఆ దినాల్లో వీలైతే ఒక్కపూటైనా ఇంటికి రాండి. ఇది మీరు మామూలుగా ఉండే ఇల్లయితే మీ పేరు ఈడనే రాస్తారు. రాలేకపోతే ఆడ మేస్త్రీని అడిగి అయినా రాయించుకోండి. రెండు చోట్లా మాత్రం వద్దు.

రెండు, "మీ ఆవిడ ఏం చేస్తాది?" అంటే "ఇంట్లోనే ఉంటాది" అనొద్దు అన్నా. సొంత చేన్లో కూలి లేకుండా చేసినా అది పనే. కలుపు తీసేది, కాయ ఒలిచేది ఆమె కదా. సేద్యం అని రాయించండి.

మూడు, కౌలుకు, కోరుకు చేసేటోళ్లు కూడా లెక్కల్లో సాగుదారులే. పట్టా లేదని కూలి అని చెప్పొద్దండి. దేశంలో 2001లో సాగుదారులు 12.73 కోట్లు, 2011కు 11.88 కోట్లు. అదే వ్యవసాయ కూలీలు 10.68 కోట్ల నుంచి 14.43 కోట్లయినారు. ఉన్న రైతును కూడా మనమే తగ్గించి చెప్పుకుంటే ఇంకెవరు నిలబెడతారు?

మీ ఊర్లో ఫిబ్రవరిలో ఎన్ని ఇండ్లకు తాళం ఉంటాదో లెక్కేసి కింద రాయండి. వలస పోయిన మన పిల్లోళ్లకు ఈ పోస్టు పంపండి. వాళ్లకే ముందు తెలియాల.