అమ్మమ్మ పెట్టెలో బొమ్మలు

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే వెల్లింగ్టన్‌లో ఏం చూపించాలన్నదానికి మన తెలుగువాళ్లందరి దగ్గరా ఉండేది ఒకటే జాబితా. టె పాపా మ్యూజియం, కేబుల్ కార్, బొటానిక్ గార్డెన్, వారాంతంలో న్యూలాండ్స్‌లోని కురింజి కుమరన్ గుడి. నేను దానికి ఇంకోటి కలిపాను. కోర్ట్‌నీ ప్లేస్ దాటాక, మౌంట్ విక్టోరియా కొండ అడుగున, హానియా స్ట్రీట్‌లో ఉన్న గ్రీకు ఆర్థడాక్స్ కెథడ్రల్. కిందటేడు అమ్మనీ, పదమూడేళ్ల మా అమ్మాయినీ తీసుకెళ్లాను. నాతో పనిచేసే గ్రీకావిడ దగ్గరుండి చూపించింది. అంతా కలిపి గంటసేపు పట్టిందేమో.

ముందు ఆ వీధి పేరు గురించి చెప్పాలి. హానియా అన్నది క్రీట్ దీవిలోని ఒక ఊరు. 1941 మే నెలలో ఆ చుట్టుపక్కలే న్యూజిలాండ్ సైనికులు జర్మన్ పారాచూట్ దళాలతో పోరాడారు. 1960ల మొదట్లో ఇక్కడి ప్రభుత్వం క్రీట్ నుంచి పెళ్లికాని అమ్మాయిలను ఆసుపత్రుల్లో, హోటళ్లలో పనికి పిలిపించింది. మా గ్రీకావిడ తల్లి వాళ్లలో ఒకరు. ఇంగ్లీషు ముక్క రాకుండా ఓడ దిగిన ఆ అమ్మాయి, హాస్టల్ గది కిటికీ మీద మేరీమాత పటం ఒకటి పెట్టుకుని, దాని ముందు చిన్న నూనె దీపం వెలిగించేదట. "మా పూజగది అదే," అంది ఆవిడ. నేను తెలుగులో చెప్పగానే అమ్మకి ఆవిడ చుట్టమైపోయింది.

గుమ్మం దగ్గరే అమ్మ ఆగిపోయి, "చెప్పులు ఎక్కడ విడవాలే?" అని అడిగింది. అక్కర్లేదన్నా ఒక నిమిషం తటపటాయించింది. లోపలికి వెళ్లగానే వచ్చేది ముందరి మంటపం. కొవ్వొత్తి కొని, వెలిగించి, ఇసుకలో గుచ్చి, పటానికి మొక్కుకుని లోపలికి నడవాలి. ఆ తర్వాత భక్తులు నిలబడే పెద్ద హాలు. దాని చివర, తూర్పు వైపు, పటాలతో నిండిన అడ్డుగోడ. దాన్ని ఐకనోస్టాసిస్ అంటారు. మధ్య తలుపుకి కుడివైపు క్రీస్తు, ఎడమవైపు బిడ్డనెత్తుకున్న మేరీ. ఏ ఆర్థడాక్స్ చర్చికెళ్లినా ఇదే వరస. ఆ గోడ వెనక భాగంలోకి అర్చకులూ, వాళ్లకి సాయం చేసేవాళ్లూ తప్ప ఎవరూ వెళ్లరు. "నైవేద్యం పెట్టేటప్పుడు మన దగ్గర తెర వేస్తారే, అదే కదూ," అంది అమ్మ. ఇక్కడా పూజ మధ్యలో కొన్నిసార్లు ఆ తలుపు మూస్తారట.

మొదట్లో ఇది నడుమెత్తు కటకటాలేననీ, శతాబ్దాల మీద పెరిగి పెరిగి గోడ అయిందనీ ఆవిడ చెప్పింది. 537లో కట్టిన కాన్‌స్టాంటినోపుల్‌లోని హేగియా సోఫియా, గ్రీసులో 11వ శతాబ్దపు హోసియోస్ లూకాస్, దాఫ్నీ మఠాలు... ఫోన్‌లో ఒక్కొక్కటీ చూపించింది. దాఫ్నీలో నడిమి గుమ్మటం లోపలి నుంచి క్రీస్తు ముఖం కిందికి చూస్తూ ఉంటుంది. ఆ బంగారు మొజాయిక్కులూ, ఆ రాళ్లూ ఇక్కడికి రాలేదు. వచ్చింది ఆ వరసే. ఎక్కడ ఆగాలి, ఎక్కడ దీపం పెట్టాలి, ఎక్కడి నుంచి ముందుకి వెళ్లకూడదు అన్నది.

మా అమ్మాయి అప్పటిదాకా చేతులు కట్టుకుని నిలబడింది. కొన్నాళ్లుగా గుడికి రమ్మంటే, "నాకేం అర్థం కాదమ్మా" అంటోంది. ఇక్కడా అదే ముఖం. ఆ ముఖం మారింది ఒక కథతో.

9వ శతాబ్దంలో థియోఫిలోస్ అనే చక్రవర్తి ఇలాంటి పటాలను పూజించకూడదని శాసించాడు. ఆయన అత్తగారు థియొక్టిస్టే మాత్రం, ఇంటికొచ్చిన మనవరాళ్లకి రహస్యంగా పటాలు చూపించి మొక్కించేది. పాత చరిత్రకారులు రాసిన ప్రకారం, అమ్మమ్మ ఇంట్లో ఏం చేశారని తండ్రి అడిగితే, అందరికంటే చిన్నదైన పుల్కేరియా, "అమ్మమ్మ పెట్టెలో మంచి మంచి బొమ్మలున్నాయి, మా తలకీ ముఖానికీ ఆనిస్తుంది" అని చెప్పేసిందట! దాంతో అమ్మమ్మ ఇంటికి రాకపోకలు బంద్. 842లో ఆయన పోయాక, పసివాడైన కొడుకు తరఫున రాజ్యమేలిన రాణి థియొడోరా 843లో పటాలను తిరిగి నిలబెట్టింది. ఈస్టర్ ముందరి ఉపవాసాల్లో మొదటి ఆదివారం నాడు ఇప్పటికీ దాన్ని పండగగా చేసుకుంటారు. అలాంటిది, పటాలకీ మఠాలకీ పేరుపడ్డ ఏథోస్ కొండ మీదికి ఈనాటికీ ఆడవాళ్లని రానివ్వరు. ఇది వినగానే మా అమ్మాయి, "దట్స్ సో అన్‌ఫెయిర్" అంది. ఆవిడ నవ్వి, "మా అమ్మా అదే అనేది" అంది.

తర్వాత మా అమ్మాయే అడిగింది, ఇక్కడి పిల్లలకి గ్రీకు వస్తుందా అని. "కొందరికే. మా అబ్బాయికి సగం అర్థం కాదు. కానీ వాళ్ల అమ్మమ్మ ఎందుకు దీపం పెట్టేదో తెలుసు," అంది ఆవిడ. వాళ్ల ఈస్టర్ వసంతకాలపు పండగ. ఇక్కడ ఆకులు రాలే కాలంలో వస్తుంది. వేపపువ్వు దొరకని మన ఉగాది లాగానే.

ఆ వారమే మా అమ్మాయి, అమ్మ తెచ్చిన కొండపల్లి బొమ్మల పెట్టె దింపించి, ఏ బొమ్మ ఎవరిదో, కొలువులో ఏ మెట్టు మీద పెడతారో, ఎందుకో అడిగి ఇంగ్లీషులో రాసుకుంది. గుడికి రావడానికి మాత్రం ఇప్పటికీ బేరాలే. అమ్మకి మోకాళ్లు సహకరించడం లేదు, మళ్లీ అంత దూరం విమానంలో రాలేనంటోంది. అందుకే ఆ పుస్తకం ఎక్కడుందో నేనూ గుర్తుపెట్టుకుంటున్నాను.

మీరూ వెళ్లాలనుకుంటే, మార్చి 25 వాళ్లకి పెద్ద పండగ. ఆ కెథడ్రల్ ఉన్నది మేరీకి దేవదూత శుభవార్త చెప్పిన ఆ ఘట్టం పేరు మీదే. భుజాలు కప్పే బట్టలు వేసుకోండి, ఫొటో తీసే ముందు అడగండి. అమ్మమ్మలో నాయనమ్మలో ఊరి నుంచి వచ్చి ఉంటే, పిల్లల్నీ వాళ్లనీ కలిపి తీసుకెళ్లండి.