లాభం, రెండు, మూడు

గుంటూరుకి నది లేదు. విజయవాడ చుట్టాలు ఈ మాట అనేటప్పుడు వాళ్ళ మొహంలో ఒక జాలి కనిపిస్తుంది. మాకున్నవి గుంటలే, అవి ఊరి పేరులోనే ఉన్నాయి. పండితులు గర్తపురి అని పెద్ద పేరు పెట్టినా గుంట గుంటే. అందుకని ఫిబ్రవరిలో ఒక ఆదివారం, నీళ్ళెక్కడుంటే అక్కడికి పోదామని బాబాయీ నేనూ స్కూటరు తీశాం.

బాబాయి ముప్ఫయ్యేళ్ళు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాగా చేశాడు. రిటైరై ఆరేళ్ళయినా తెల్లారి నాలుగున్నరకే లేస్తాడు. తుమ్మడం ఒక్కటే మానుకున్నాడు. వాళ్ళుండేది బ్రాడీపేటలో. అక్కడ అడ్రసంటే లైను, అడ్డరోడ్డు. ‘నాలుగు బై పద్నాలుగు’ అంటే చాలు, ఆటో అతను ఇంకేం అడగడు.

అరండల్‌పేటలో ఇడ్లీ తిన్నాం. పైన కారప్పొడి, దాని మీద వేడి నెయ్యి, పక్కన అల్లం పచ్చడి. ఆ పొద్దున్నే ముక్కు కారుతుంటే కాఫీ ఊదుకుంటూ తాగడం గుంటూరు వాడికి పండగతో పనిలేని సుఖం. బాబాయి రెండో ప్లేటు చెప్పాడు. పిన్నితో చెప్పనని నా దగ్గర మాట తీసుకున్నాడు.

ఊరికి తూర్పున ఎనిమిది కిలోమీటర్లు పోతే ఉప్పలపాడు. పక్షుల కేంద్రమంటే అడవిలో ఉంటుందనుకునేవాళ్ళకి ఇక్కడ ఆశ్చర్యం తప్పదు. ఇళ్ళ పక్కనే చెరువు, చెరువు మధ్యలో తుమ్మచెట్లు. ఆకు కనిపించదు. కొమ్మ కొమ్మకీ గూడు, గూడు గూడుకీ గోల. కొమ్మలన్నీ రెట్టతో సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. చెట్లు చాలక ఇనప స్టాండ్లు నాటితే వాటిమీదా కాపురాలు పెట్టేశాయి. ముందు వాసన తగులుతుంది. ఎండుచేపలూ ఘాటైన రెట్టా కలిసిన వాసన. పది నిమిషాలకి ముక్కు సర్దుకుంటుంది. యార్డులో పనిచేసిన ముక్కుకి ఆ పది నిమిషాలు కూడా అక్కర్లేదట.

ఎక్కువగా ఉన్నవి గూడబాతులు. ముక్కు కింద సంచి వేలాడేసుకుని కూర్చుంటే అచ్చం రైతుబజారుకి బయల్దేరిన పెద్దమనుషుల్లా ఉంటాయి. పిల్ల ఆ సంచిలోకి తల దూర్చి, గొంతు దాకా వెళ్ళి చేప తెచ్చుకుంటుంది. చూసేవాళ్ళకి తల్లి పిల్లని మింగేస్తున్నట్టే ఉంటుంది. పక్క కొమ్మమీద ఎర్రకాళ్ళ కొంగలు. పసుప్పచ్చ ముక్కు, వెనకవైపు రెక్కల చివర కుంకుమ ఒలికినట్టు గులాబీ రంగు. పెద్ద కొంగకి కూత లేదు, ముక్కు టకటకా కొట్టుకోవడమే మాట. పిల్లలది మాత్రం తెగని గోల.

బాబాయి గట్టుమీద నిలబడి లెక్క మొదలుపెట్టాడు. “లాభం, రెండు, మూడు, నాలుగు...” కాటా దగ్గర ఒకటి అనరు కదా, లాభం అంటారు. మిరపకాయ టిక్కీలు, అంటే బస్తాలు, లెక్కపెట్టిన నోటికి పక్షులైనా అదే వరస. అరవై దాటాక ఒక గుంపు లేచి చోటు మార్చింది. “ఇయ్యి కాటాకి నిలబడే సరుకు కాదురా అబ్బాయ్” అని వదిలేశాడు.

ఇంత పక్షికీ ఈ చెరువులో తిండేముంది? లేదు. ఇది పడకగదీ పురిటిగదీ, అంతే. భోజనం బయట చేపల చెరువుల్లో, కాలవల్లో, కృష్ణలో. ఎండ కాస్త ముదిరితే గానీ గూడబాతు దూరం బయల్దేరదు. అంత బరువుని రెక్కల బలంతోనే మోసుకుపోవడం దానికి గిట్టుబాటు కాదు. నేల వేడెక్కి గాలి పైకి లేచేదాకా ఆగి, ఆ సుడిలోకి ఎక్కి, రెక్క కొట్టకుండా చుట్లు తిరుగుతూ పైకి పోతుంది. అక్కణ్ణుంచి జారుకుంటూ ఎటు కావాలంటే అటు. తొమ్మిదిన్నరకి మా కళ్ళముందే పది పన్నెండు అలా లేచి చుక్కలైపోయాయి. గుంటూరు నుంచి విజయవాడకి రోజూ రైల్లో పోయి సాయంత్రం తిరిగొచ్చే సీజన్ టికెట్ వాళ్ళు గుర్తొచ్చారు. కాకపోతే వీటికి బండి లేటవదు.

మేమూ ఆ దారే పట్టాం. పెదకాకాని వైపు కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆడవాళ్ళు తాలుకాయలు ఏరి పక్కన పోస్తున్నారు. పత్తి చేలల్లో ఆఖరి తీత అయిపోయి కట్టె మిగిలింది. మంగళగిరిలో కొండెక్కలేదు. బాబాయి మోకాళ్ళు ఒప్పుకోలేదు, నేను బతిమాలలేదు. పానకాలస్వామికి కిందినుంచే దణ్ణం పెట్టుకున్నాం.

ఉండవల్లి గుహలు పదహారు వందల ఏళ్ళ కిందట కొండని తొలిచినవని చెబుతారు. నాలుగంతస్తులు. లోపల అనంతపద్మనాభస్వామి నిండుగా పడుకుని ఉంటాడు. ఆదివారం జనమంతా స్వామి ముందు సెల్ఫీల్లో ఉంటే మేం పై అంతస్తు అంచున కూర్చున్నాం. కింద అరటితోటలు, అవతల కృష్ణ. బాబాయి నీళ్ళసీసా తీసి చూపించాడు. “ఇయ్యి ఎక్కడివనుకున్నావ్? ఇక్కడివే. ఈ ఉండవల్లి కాణ్ణుంచే తోడి, తక్కెళ్లపాడులో శుభ్రం చేసి మన కుళాయికి పంపుతారు.” నది లేని ఊళ్ళో పుట్టి, పొద్దున్నే నదిని బిందెలో పట్టుకుంటూ ఇన్నాళ్ళూ గుంటల ఊరు అనుకుంటున్నాను. గుంటూరు ఛానల్ అనే కాలవ కూడా ఈ చుట్టుపక్కల, ప్రకాశం బ్యారేజికి ఎగువనే కృష్ణలోంచి బయల్దేరుతుంది.

పొద్దువాలే వేళకి సీతానగరం వైపు నుంచి ప్రకాశం బ్యారేజి మీదికొచ్చాం. 1855 నాటికి కట్టిన పాత ఆనకట్టకి 1952 వరదల్లో గండిపడ్డాక, దాని స్థానంలో 1957లో ఇది వచ్చింది. కిలోమీటరుంపావు పొడవు, డెబ్భై గేట్లు. 2024 సెప్టెంబరులో పదకొండు లక్షల క్యూసెక్కులకి పైబడి దీనికిందనుంచే పోయాయి. ఇప్పుడు దిగువన ఇసక, మడుగులు. గేటు కింద కారే కాస్త నీటి దగ్గర తెల్లకొంగలు రేషను షాపు ముందు క్యూలా నిలబడ్డాయి. నీటికాకులు రెక్కలు చాపి ఆరబెట్టుకుంటున్నాయి. నలుపూ తెలుపూ లకుముకి పిట్ట ఒకటి గాల్లో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచి, రాయి పడ్డట్టు మడుగులో పడింది. లేచింది. ఏమీ దొరకలేదు.

గట్టుమీద వల బాగుచేసుకుంటున్న మనిషిని నీటికుక్కల గురించి అడిగాను.

“మాది కింద, పులిగడ్డ కాడ సార్. అక్కడున్నాయి. రాత్రిళ్ళు వలలు చింపేది అవ్వే.”

“ఎప్పుడైనా చూశావా?”

“అవి నన్ను చూసుంటాయి.”

ఇంతలో పిన్ని ఫోను. ఆమెది పర్చూరు దగ్గర పల్లె, చెరువు నీళ్ళు మోసి పెరిగిన మనిషి. గుంటూరు ఛానల్‌ని అక్కడిదాకా పొడిగించమని ఆ రైతులు ఏళ్ళ తరబడి అడుగుతున్నారు. బ్యారేజికి పేరిచ్చిన ప్రకాశం పంతులుగారు పుట్టిన వినోదరాయునిపాలెం ప్రకాశం జిల్లాలోదే. పర్చూరూ ఆ జిల్లాలోదే, 2022లో బాపట్లలో కలిపారు. బాబాయి ఫోను స్పీకరులో పెట్టాడు.

“గేట్లకాడ ఉన్నామే.”

“ఉంటే ఉన్నారు. మా ఊరికెప్పుడొస్తదో అడిగి రండి” అని పెట్టేసింది.

బాబాయి ఫోను జేబులో వేసుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. దుర్గమ్మ కొండమీద దీపాలు వెలిగాయి. కృష్ణా కెనాల్ స్టేషన్ వైపు ఏదో రైలు కూసింది. అప్పుడు ఎగువనుంచి ఒక వరస వచ్చింది. మెడలు వెనక్కి మడుచుకుని, ఒకదాని వెనక ఒకటి, తొందర లేకుండా నైరుతికి తిరిగాయి.

“మన ఉప్పలపాడు బ్యాచే” అన్నాడు బాబాయి.

“నీకెట్టా తెలుసు?”

“ఇంటికి పోయే మొహాలు తెలవవా?” అని చెయ్యి పైకెత్తి వేలితో చూపిస్తూ మొదలుపెట్టాడు. “లాభం, రెండు, మూడు...”

పదిహేడు దగ్గర ఆటో ఒకటి హారన్ కొట్టింది. లెక్క తప్పింది. మళ్ళీ లాభం దగ్గర్నుంచి అందుకున్నాడు.