మాటల మూట

నోటి మాటను మూటగట్టడం ఒకప్పుడు పండితుల పని. భద్రిరాజు కృష్ణమూర్తిగారు రైతుల మాటలు ఊరూరా సేకరింపజేసి, 1962లో వృత్తిపదకోశం వెలువరించారు. 2011లో నా ఫోనూ ఆ పనికి పూనుకుంది.

ఉదయగిరిలో చెక్కగరిటెలు చేసే పెద్దాయన నర్ది, బిక్కి, దేవదారి కర్రల గుణాలు చెబుతూంటే రికార్డు చేశాను. ఆనాటి చాలా ఫోన్లు ధ్వనిని సెకనుకు 8000 సార్లే కొలిచి, పైస్థాయి ధ్వనులు వదిలేసేవి. అంచేత ఆయన 'స' కాస్తా 'ఫ'లా వినిపిస్తుంది. పదాలు దక్కాయి, అదే పదివేలు!

ఆయన పోయాక కొడుకు వచ్చి విన్నాడు. పదాలన్నీ దాటేసి, నడుమ వచ్చిన దగ్గు దగ్గర ఆగాడు.

"మా నాయనే అయ్యవారూ, మళ్లీ పెట్టండి" అన్నాడు.

దగ్గుకు ఏ కోశంలో చోటుంది చెప్పండి? ఫోన్లు మూడు మారాయి. ఆ మూటను మాత్రం మోస్తూనే ఉన్నాను.