నీటి అడుగున ఊరు

కప్పదొకియ పేరు అపొస్తలుల కార్యములలో చదివినదే. నేడు టర్కీ దేశంలో ఉన్న ఆ ప్రాంతంలో వేకువనే వేడిగాలి బెలూను ఎక్కి, రాతిని తొలిచిన ప్రాచీన మందిరాల మీదుగా తేలిపోతారు. మన పల్నాటిలో అటువంటి ప్రయాణం నీటిమీద ఉన్నది.

మొన్న చలికాలంలో మా అత్తగారిని తీసుకొని మాచర్ల నుండి చీకటితోనే బయలుదేరాము. అనుపులో మెట్లు మెట్లుగా ఉన్న పాత రంగస్థలంమీద కూర్చుని పొద్దుపొడుపు చూచాము. తరువాత విజయపురి సౌత్‌లో నాగార్జునకొండ లాంచీ ఎక్కాము.

సుమారు 1,700 సంవత్సరాల క్రిందట ఈ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. 1926లో దాని ఆనవాళ్లు బయటపడ్డాయి. 1955లో నెహ్రూగారు సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని 1954 నుండి 1960 వరకు త్రవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలను విప్పి తెచ్చి కొండమీదను, అనుపులోను తిరిగి నిలబెట్టారు.

లాంచీ సగం దూరం పోయాక అత్తగారు నీటివైపు చేయి చూపారు. "మా ఊరు ఈ కిందనే ఎక్కడో ఉంది బాబూ. రాజుల రాళ్లను కొండెక్కించారు. మా ఇంటి గడప నీళ్లలోనే ఉండిపోయింది" అన్నారు. ఆ ఊరు విడిచేనాటికి ఆమెకు పదేళ్లట.

మేమేమీ పలుకలేకపోయాము. కుడి కాలువలో మా పొలానికి వచ్చేవి ఆ నీళ్లే. మేము తినే అన్నంలో ఆమె ఊరున్నదని ఆనాడే తెలిసింది.

మీరు నాగార్జునకొండకు వెళ్లేటప్పుడు ఇంటి పెద్దలను వెంటబెట్టుకొని వెళ్లండి. మ్యూజియంలో లేని సంగతులు వారి దగ్గర ఉంటాయి.